ఆపు అంటే ఆగని పడవ

పడవకు బ్రేకు ఉండదు. ఈ మాట అందరికీ తెలుసు. దాని అర్థం మాత్రం, పడవ మీద బతికినవాళ్లలో కూడా చాలామందికి ఒక దెబ్బ తగిలేదాకా తెలియదు. నాకూ అలాగే తెలిసింది. అయితే ఆ దెబ్బ తగిలింది నాకు కాదు.

పులికాట్ సరస్సులో తెరచాప పడవకు ఇరవై ఆరేళ్లు చుక్కాని పట్టాను. ఒడ్డు నుంచి దీవిలోని ఊరికి మనుషుల్నీ, బియ్యం బస్తాల్నీ చేర్చడం, తిరిగి వచ్చేటప్పుడు చేపల గంపలు తేవడం నా పని. మోకాళ్లు మొరాయించి రెండేళ్ల కిందట దిగిపోయాను. ఇప్పుడు నాకు యాభై నాలుగు. మా రేవులో ఇప్పుడు ఇంజిను పడవలే ఎక్కువ. వాటిని నడిపే తమ్ముళ్లు సాయంత్రం పూట నా పక్కన చేరి తుఫానుల సంగతులు అడుగుతుంటారు. తుఫానులో నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదు. తుఫాను వస్తుందంటే పడవ ఒడ్డుకు లాగి ఇంటికి పోయేవాణ్ణి. అందుకే ఇంకో సంగతి చెబుతున్నాను. నేను పదిహేను లెక్కపెట్టేలోగా జరిగిపోయిన ఒక తప్పు గురించి, దాన్ని ఒప్పుకోవడానికి నాకు పట్టిన రోజుల గురించి.

ముందుగా నా లెక్కల పిచ్చి గురించి చెప్పాలి. నా చదువు ఏడో తరగతితో ఆగింది. చుక్కాని దగ్గర కూర్చున్నవాడికి చేతికి పని ఉంటుంది గానీ తలకు పెద్దగా ఉండదు. ఆ తలను ఊరికే ఉంచడం ఇష్టంలేక లెక్కపెడుతూ ఉండేవాణ్ణి. వలలు కట్టిన గుంజల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి పోవడానికి ఎన్ని అంకెలు పడతాయి, గాలి పెరిగితే ఎన్ని తగ్గుతాయి, ఇలా. నా అంకె ఎంత పొడవో తెలుసుకోవడానికి రోజూ మా పడవలో బడికి పోయే మాస్టారి వాచీతో సరిచూశాను. నేను ఇరవై లెక్కపెట్టేసరికి ఆయన వాచీలో పద్దెనిమిది సెకన్లు అయ్యేవి. పదిసార్లు చూస్తే తొమ్మిదిసార్లు అంతే వచ్చింది. పదోసారి నాకు జ్వరం.

మా పడవ పొడవు ఇరవై ఎనిమిది అడుగులు. నీటి మీద అడుగుల లెక్క కంటికి ఆనదు. అందుకని దూరాన్ని పడవల్లో కొలిచేవాణ్ణి. రెండు పడవల దూరం, ఐదు పడవల దూరం అని. నిండు బరువుతో, మంచి గాలిలో పోతున్న మా పడవ తెరచాప తాడు వదిలేసి, ముందు నుంచి గెడ నేలకు పొడిచి పట్టుకుంటే నాలుగు పడవల దూరంలో నిలుస్తుంది. ఖాళీగా ఉంటే రెండున్నర. ఇది నేను ప్రమాదానికి ఆరేళ్ల ముందే కొలిచి పెట్టుకున్న లెక్క. మా రేవులో ఇంకెవరికీ తెలియని లెక్క అని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. లెక్క తప్పలేదు. ఆ గర్వాన్ని ఇప్పటికీ వదులుకోలేదు.

తెరచాప పడవ ఎలా నిలుస్తుందో ఎప్పుడూ ఎక్కనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. తెరచాప కింది కొసకు ఒక తాడు ఉంటుంది. దాన్ని బిగించి పట్టుకుంటే గుడ్డ గాలిని పట్టుకుంటుంది, పడవ పరిగెడుతుంది. తాడు వదిలేస్తే గుడ్డ దండెం మీద ఆరేసిన చీరలాగా కొట్టుకుంటుంది. పడవకు బలం పోతుంది. అంటే పడవను నిలపాలంటే పట్టుకోవడం కాదు, వదలడం. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

పడవలో మేం ముగ్గురం. చుక్కాని దగ్గర నేను. ముందు కొసన గెడ పట్టుకుని దారి చూసేవాడొకడు, నాకంటే పదేళ్లు చిన్న. మధ్యలో తెరచాప తాడు పట్టుకుని మామ. ఆయన నా భార్యకు మేనమామ. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. అరచేతులు తాటిమట్టల్లాగా ఉండేవి. ఆయన పట్టిన తాడు జారదని సరస్సు రెండు ఒడ్డుల్లోనూ చెప్పుకునేవారు. ఈదురుగాలికి వేరే పడవల్లో ఇద్దరు పట్టే తాడును ఆయన ఒక్కడే, చుట్ట కాలుస్తూ పట్టుకునేవాడు. చుక్కాని నా చేతిలో ఉన్నా, పడవ తన చేతిలోనే ఉందన్నట్టు మాట్లాడేవాడు. అందులో సగం నిజం.

ముందు కూర్చునేవాడి అవసరం ఏమిటంటే, గాలి పక్క నుంచి వచ్చేటప్పుడు తెరచాప అవతలి పక్కంతా నాకు కనపడదు. గోడ కట్టినట్టు ఉంటుంది. అటు ఏముందో అతను చూసి చెప్పాలి. దూరం ఎంతో నోటితో చెబితే గాలికి వినపడదు కాబట్టి వేళ్లు చూపించమని నేనే నేర్పాను. ఒక్కో వేలు ఒక్కో పడవ.

పన్నెండేళ్ల కిందటి వేసవి అది. మధ్యాహ్నం మూడు దాటింది. దక్షిణపు గాలి బాగా లేచింది. పడవలో పద్నాలుగు మంది, నాయుడుపేట నుంచి వచ్చిన తొమ్మిది బియ్యం బస్తాలు. మేం పోయే కాలువ తూర్పు పడమరలుగా ఉంటుంది. మధ్యలో ఆరడుగుల లోతు, రెండు పక్కలా బురద మేటలు, వాటి మీద వరసగా వల గుంజలు. పక్కకు తిప్పితే గుంజల్లో ఇరుక్కుంటాం. గాలి మా కుడి పక్క నుంచి కొడుతోంది. మూడంకెలకు ఒక పడవ దూరం పోతున్నాం. మాకు అది చాలా వేగం.

ముందు కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

"దోనె! దోనె ఉండాది ముందర!"

చేయి పైకెత్తాడు. ఐదు వేళ్లు.

ఐదు పడవల దూరం. నిలవడానికి కావలసింది నాలుగు. ఒకటి మిగులుతుంది. ఈ లెక్క నా తలలో మెరుపులాగా అయిపోయింది, నేను భయపడనైనా లేదు. నోరు తెరిచి గట్టిగా అరిచాను.

"ఆపు!"

మామ తాడును గుండెలకు లాక్కున్నాడు. తెరచాప ఇంకా బిగిసింది. పడవ ఒక పక్కకు ఒరిగి ముందుకు దూకింది.

"ఆపు మామా! ఆపు!"

ఆయన తాడును పడవ అంచునున్న కొయ్యకు ఒక చుట్టు తిప్పి, రెండు కాళ్లూ ఎదురుగా ఉన్న చెక్కకు తన్నిపట్టి వెనక్కి వాలాడు. పడవలో ఉన్న పద్నాలుగు మందీ లేచి నాతో పాటు "ఆపు, ఆపు" అని అరిచారు. ఎంత అరిస్తే ఆయన అంత బిగించాడు. గెడ పొడిచిన వాడి చేతుల్లోంచి గెడ ఎగిరిపోయింది. నేను చుక్కాని పూర్తిగా తోసేశాను. పడవ ముక్కు కొద్దిగా, ఒక మనిషి వెడల్పు మాత్రం తిరిగింది. అందుకే దోనె మధ్యలో గుద్దకుండా వెనక కొసను గుద్దాం.

దోనెలో ఒకామె ఉంది. వంగి రొయ్యల వల లాగుతోంది. మా అరుపులు పక్క గాలికి కొట్టుకుపోయి ఆమెదాకా పోలేదు. నీళ్లలో పడింది. మా పడవ అంచు ఆమె ఎడమ భుజాన్ని కొట్టింది. అప్పుడు, అప్పుడు మాత్రమే, మామ తాడు వదిలాడు. వదిలి నీళ్లలోకి దూకాడు. ఆమెను పైకి తీసింది ఆయనే. ఒడ్డుకు చేరాక ఆటో దాకా మోసుకుపోయిందీ ఆయనే. భుజం దగ్గర ఎముక విరిగింది, మణికట్టు విరిగింది. ప్రాణానికి ఏమీ కాలేదు.

మర్నాడు రేవులో కూర్చున్నారు. పడవ సొంతదారు నాయుడుపేటలో ఎండు చేపల వ్యాపారం చేసే సాయిబు గారు, ఊరి పెద్దలు నలుగురు, దోనెలోని ఆ అక్క భర్త. ఆమె ఆసుపత్రిలో ఉంది.

ఒక పెద్దమనిషి మామను అడిగాడు. "తాడు ఎందుకు వదల్లేదయ్యా?"

"ఆపమన్నాడు. ఆపినా."

"ఆపమంటే పడవను గదా ఆపమనింది?"

"నా చేతిలో పడవ లేదు సామీ. తాడు ఉండాది. తాడు ఆపినా."

నవ్వారు. అంత కష్టంలోనూ ఆ అక్క భర్త తప్ప అందరూ నవ్వారు. పడవను ఆపమంటే తాడును ఆపినాడంట, ముసలాయనకి తల తిరిగినట్టుండాది అని ఒకడు వెనక నుంచి అన్నాడు. మామ నా వైపు చూశాడు. నేనేదన్నా చెబుతానని చూశాడు.

నేను చెప్పలేదు. ఆయన అన్నదాంట్లో ఏదో ఉందని ఆ క్షణమే నాకు అనిపించింది. అనిపించినదాన్ని బయటికి అంటే తప్పు చుక్కాని దగ్గరికి వస్తుంది. చుక్కాని నాది. నేల చూస్తూ కూర్చున్నాను.

సాయిబు గారు మెత్తటి మనిషి. "పెద్దాయనా, చాలా కాలం చేసినావు. ఇంక ఇంటికాడ కూర్చో" అన్నాడు. మామ భుజాన ఉన్న తువ్వాలు తీసి దులుపుకుని, మళ్లీ వేసుకుని వెళ్లిపోయాడు. తాడు పట్టడం చేతకాక తీసేశారన్న పేరుతో వెళ్లాడు. నలభై ఏళ్లు తాడు పట్టి తెచ్చుకున్న పేరు ఒక్క పూటలో పోయింది. నా చుక్కాని నాకు మిగిలింది.

ఆయన స్థానంలోకి గట్టి మనిషిని తెచ్చారు. వాడు బాగానే చేసేవాడు. వారం గడిచింది. ఒక సాయంత్రం రేవుకు వస్తూ నేను అలవాటు ప్రకారం, "వదులు... ఇంకొంచెం... ఆపు" అన్నాను. కొత్తవాడు ఒక జానెడు తాడు వదిలాడు, ఇంకో జానెడు వదిలాడు, గట్టిగా పట్టుకున్నాడు. నా మాట నా చెవిన పడింది.

మర్నాడు రాకపోకల్లో ఆ మాట ఎన్నిసార్లు అంటానో లెక్కపెట్టాను. ఇరవై మూడుసార్లు. ఇరవై మూడుసార్లూ దాని అర్థం ఒకటే, తాడు జారనివ్వకు అని. పడవ నిలవాలి అనే అర్థంలో ఒక్కసారి కూడా కాదు. ఇరవై మూడును ఏడాదిలో మేం తిరిగే రోజులతో గుణించాను. ఆ మొత్తాన్ని మామతో నేను కలిసి పనిచేసిన పద్నాలుగేళ్లతో గుణించాను. నేనే అన్నిసార్లు ఆయన చేతికి నేర్పాను, ఆపు అంటే బిగించు అని. ఆ రోజు భయంలేదని నేననుకున్నాను గానీ ఉంది. నా నోట్లోంచి పడవ మాట రాలేదు. నేల మాట వచ్చింది. బస్సు ఎక్కినవాడు కండక్టరుతో అనే మాట వచ్చింది. మామ పడవ మాటే విన్నాడు.

అప్పుడే వెళ్లి చెప్పి ఉండాల్సింది. వెళ్లలేదు. నాకు నేను చెప్పుకున్న కారణం ఏమిటంటే, ఉత్త మాటగా చెబితే మళ్లీ నవ్వుతారు, రుజువు కావాలి అని. అది సగం నిజం, సగం పిరికితనం. ఏ సగం ఎంతో నేను కొలవలేదు.

రుజువు ఎలా? మామతోనే చేసి చూపిస్తే పనికిరాదు. ఆయనకు సంగతి తెలుసు కాబట్టి వదులుతాడు. తెలియనివాళ్లతో చెయ్యాలి. ఒక్కడితో చేస్తే వాడి చేతకానితనం అంటారు. ఎక్కువమంది కావాలి. ఇదంతా ఎవరూ నాకు నేర్పలేదు. చుక్కాని దగ్గర కూర్చుని ఆలోచించుకున్నాను. సాయిబు గారిని పడవ అడిగాను.

"ఏంది తమ్ముడూ ఈ యవ్వారం?"

"లెక్క ఒకటి చూడాల భాయ్."

"నీ లెక్కలు నాకు తెలవవు గానీ, శుక్రవారం పడవ ఊరికే ఉంటాది. తీసుకో. పగలగొట్టొద్దు."

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆరు పడవల నుంచి ఆరుగురు తాడు మనుషుల్ని పిలిచాను. కొత్త తెరచాప గుడ్డ తెచ్చాం, ఎలా లాగుతుందో చూసి చెప్పండి అని అబద్ధం చెప్పాను. పడవలో మనుషులకు బదులు అంతే బరువుకు ఇసుక బస్తాలు వేశాను. రేవు ఎదురుగా, గుంజలు లేని చోట, ఎర్రగుడ్డ కట్టిన థర్మాకోల్ దిమ్మెను లంగరు వేసి నిలిపాను. ఒడ్డున సాయిబు గారిని, పెద్దల్ని కూర్చోబెట్టాను. ఆ అక్క కూడా వచ్చింది, చేయి మెడకు కట్టుకుని. మామకు కబురు పెట్టాను. వచ్చాడు. అందరితో కూర్చోలేదు. ఎండకు బోర్లించిన దోనె మీద దూరంగా కూర్చున్నాడు.

ఒక్కొక్కణ్ణి ఎక్కించుకున్నాను. దిమ్మె ఐదు పడవల దూరంలో ఉండగా "ఆపు!" అని, ఆ రోజు ఎలా అరిచానో అలాగే అరిచాను. వంతు రానివాళ్లను సరస్సు కనపడకుండా పాకలో కూర్చోబెట్టాను, పని అయినవాణ్ణి అవతలి ఒడ్డున దింపాను, మిగతావాళ్లకు చెప్పకుండా.

మొదటివాడు బిగించాడు. దిమ్మె మీదుగా పోయాం. రెండోవాడు బిగించి కొయ్యకు చుట్టాడు, అచ్చం మామలాగే. మూడోవాడు, నాలుగోవాడు బిగించారు. ఐదోవాడు బిగించి, దిమ్మె తునకలయ్యాక నా వైపు తిరిగి, "ఎట్టా పట్టినా అన్నా? రవ్వంత కూడా జారనియ్యలా" అని మెచ్చుకోమన్నట్టు చూశాడు.

ఆరోవాడు దక్షిణపు ఒడ్డు అరవ ఊరి మనిషి. మా పడవల్లో కొత్త. తెలుగు సరిగా రాదు. నేను "ఆపు!" అని అరిస్తే వాడు తాడు సంగతి మరిచి వెనక్కి తిరిగి, ఏమిటన్నట్టు "ఎన్నా?" అన్నాడు. తిరగడంలో చేతిలో తాడు జారింది. తెరచాప కొట్టుకుంది. కొత్త దిమ్మెకు ఒక పడవ ఇవతల నిలిచాం.

నా మాట అర్థం కాని ఒక్కడే పడవను నిలిపాడు.

ఒడ్డున మొదట నవ్వు లేచింది. తరువాత ఆగిపోయింది. సాయిబు గారు నీళ్ల అంచు దాకా వచ్చాడు.

"అంటే ఏంది నువ్వు చెప్పేది? ఈ ఐదుగురూ చేతకానోళ్లేనా?"

"కాదు భాయ్. ఐదుగురూ చేతనైనోళ్లే. పడవలో ఆపు అంటే తాడు బిగించడమే. మేమే నేర్పినాం. ఆ పొద్దు మామ చేసిందీ అదే. తప్పు మామ చేతిది కాదు. నా నోటిది."

మామ లేచి వచ్చాడు. నా ఎదురుగా నిలబడ్డాడు. ఆయన సంతోషిస్తాడని నేను ఎందుకు అనుకున్నానో తెలియదు.

"ఇన్నాళ్లూ ఈ ముక్క యాడ పెట్టుకోనుంటివి?"

"నోట్లోనే ఉండింది మామా. ఇరవై తొమ్మిది రోజులు."

"నిన్ను లెక్క అడగలేదురా."

నా జీవితంలో ఎవరైనా నా లెక్కకు ఇచ్చిన సరైన జవాబు అది.

ఆ అక్క ముందుకు వచ్చింది. "అయితే నా ఎముకలు ఇరిగింది ఒక మాటకా?" అంది.

"అవునక్కా."

"మాటని పట్టుకపోయి స్టేషన్లో కూర్చోబెట్టేదానికి లేదు గదా. నువ్వుండావు. నా చెయ్యి పైకి లేచేదాకా చుక్కాని పట్టొద్దు నువ్వు. ముందర కూర్చో. నీళ్లలో ఎవురెవురుంటారో కండ్లారా చూడు." తరువాత పెద్దల వైపు తిరిగింది. "తాడు మాత్రం పెద్దాయన పట్టాల. ఏరేవోడు పడితే ఆ కాలవలో నేను వల ఎయ్యను. నన్ను మోసినాయన. ఆయన చేతిలో సత్తువ లేదంటే నేనొప్పుకోను."

సాయిబు గారు "అట్నే కానీ" అన్నాడు.

అయినా ఒక పని మిగిలింది. ఆపు బదులు ఏమనాలి? వదులు అందామని నేనన్నాను. మామ ఇంకా కోపంగానే ఉన్నాడు, అయినా పని మాట వచ్చేసరికి ఊరుకోలేకపోయాడు.

"వదులంటే జానెడు వదుల్తాం. రోజూ అంటానే ఉండావు గదా. మొత్తం పొమ్మనాలంటే ఇడిసెయ్ అనాల. ఆ మాట ఇంక దేనికీ అనకూడదు."

అరవ ఊరి మనిషి తల ఊపాడు. "ఇడిసెయ్ అంటే తెలుస్తాది. మేం విడు అంటాం."

గాలి ఇంకా ఉంది. ఆరుగుర్నీ మళ్లీ ఎక్కించి కొత్త మాటతో చూశాను. ఆరుగురూ వదిలారు. మూడున్నర నుంచి నాలుగుంపావు పడవల లోపల నిలిచాం. నాలుగుంపావు వచ్చింది, మెచ్చుకోమన్నవాడి దగ్గరే. వాడికి తాడు వదలాలంటే మనసొప్పలేదు.

ముందు కూర్చునేవాడికి చుక్కాని ఇచ్చి, ముందు కొసన నలభై ఒక్క రోజులు కూర్చున్నాను. అక్కడ కూర్చుంటేనే తెలిసింది, ఆ కాలువలో ఎంతమంది పనిచేస్తుంటారో. ఛాతీ లోతు నీళ్లలో చేతులతో తడిమి రొయ్యలు పట్టేవాళ్లు, గుంజలు సరిచేసేవాళ్లు. చుక్కాని దగ్గర పదహారేళ్లు నేను తెరచాప గుడ్డను చూసి అదే సరస్సు అనుకున్నాను. మామ నాతో మాట్లాడింది పని మాటలే. ఇరవయ్యో రోజున చుట్ట వెలిగించుకోవడానికి అగ్గిపెట్టె అడిగాడు. నేను చుట్ట తాగను. అయినా ఆ రోజు నుంచి జేబులో అగ్గిపెట్టె ఉంచుకున్నాను.

ఇంజిను పడవ నడిపే తమ్ముళ్లకు ఇక్కడ ఒక మాట. మీకు వెనక గేరు ఉంది, నిజమే. కానీ మీ పడవలోనూ ఇద్దరుంటారు. ఒకడు చూసేవాడు, ఒకడు నడిపేవాడు. మీరిద్దరూ రోజూ వాడే మాటల్ని ఒక రోజంతా లెక్కపెట్టండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడాల్సిన మాట వాటిలో ఉంటే దాన్ని మార్చుకోండి. ఆ మాటను ఊరికే వాడకండి. ఎన్ని పడవల దూరంలో నిలుస్తారో కొలిచి పెట్టుకోండి, కానీ ఆ లెక్క మీ తలలో ఉంటే చాలదు. ఎదుటివాడి చేతిలోకి పోవాలి. పోయే దారి ఒక్క మాటే.

నలభై రెండో రోజున మళ్లీ చుక్కాని పట్టాను. అదే కాలువ, కుడి పక్క నుంచి అదే గాలి. పడవలో పదకొండు మంది, ఎనిమిది బస్తాలు. మూడంకెలకు ఒక పడవ పోతున్నాం. సగం దారిలో ముందున్నవాడు లేచాడు. చేయి ఎత్తాడు. నాలుగు వేళ్లే ఉన్నాయి.

"ఇడిసెయ్!"

మామ రెండు చేతులూ తెరిచాడు. అలా తెరిచిన చేతుల్ని నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. తాడు పాములాగా గాలిలోకి లేచిపోయింది. తెరచాప ఫటఫటమని కొట్టుకుంది. ముందున్నవాడు గెడ పొడిచి దాని మీద బరువంతా వేశాడు. నేను లెక్కపెడుతున్నాను. ఒకటి, రెండు, మూడు పడవలు. ఇంకో సగం. నిలిచాం.

గుడ్డ పక్కకు తొలగితే పద్నాలుగు అడుగుల దూరంలో దోనె కనిపించింది. ఆ అక్క. వంగి, ఎడమ చేత్తో వల లాగుతోంది. మమ్మల్ని చూసింది, లాగడం మానలేదు.

"ఏం చూస్తా నిలబడిపోయినారు? పక్కగా పోండి. రొయ్యలు బెదుర్తాయి."

మామ వంగి నీళ్లలో వేలాడుతున్న తాడును అందుకున్నాడు. నేను చుక్కాని తిప్పాను.